చివరి ముక్క మీద రెయిజ్, ఆ తర్వాత బతుకుదెరువు

ప్రశ్న: అనంతపురంలో బీఎస్సీ స్టాటిస్టిక్స్ రెండో సంవత్సరం చదువుతున్నాను. హాస్టల్లో ఉత్త చిప్పులతో పోకర్ ఆడతాం. మొన్న రివర్ ముక్క (అందరికీ ఉమ్మడిగా కింద పరిచే ఐదింటిలో చివరిది) పడేసరికి కింద ఇస్పేట్ రాజు, తొమ్మిది, రెండు. వేరే రంగుల్లో ఏడు, నాలుగు. నా చేతిలో ఇస్పేట్ ఆరు, ఐదు. పాట్‌లో (మధ్యలో పోగైన పందెంలో) 1,000 ఉంటే అవతలివాడు 500 వేశాడు. నేను 2,000కి రెయిజ్ చేస్తే (పందెం పెంచితే) కాల్ చేసి (అంతకు అంత వేసి) ఇస్పేట్ ఆసుతో కొట్టాడు. నాది తప్పా? పోకర్‌నే వృత్తిగా పెట్టుకోవచ్చా? నాన్న కల్యాణదుర్గం దగ్గర చెనిక్కాయ వేస్తారు.

జవాబు: బాబూ, ఓడిపోయావని కాదు, లెక్క చూసి చెబుతున్నా: అక్కడ ఊరికే కాల్ చేయాల్సింది. రివర్ తర్వాత ఇంకో ముక్క రాదు. నీ రెయిజ్‌కు ఎవరు నిలబడతారన్నదొక్కటే మిగులుతుంది. బయట ఎనిమిది ఇస్పేట్లున్నాయి, వాటితో 28 జతలు. నాలుగు-మూడు జత తప్ప మిగతా 27 నీ ఫ్లష్‌ను (ఒకే రంగు ఐదు ముక్కల్ని) కొడతాయి. నీకు ఓడిపోతూ కూడా కాల్ చేసే బలమున్నవి కింది ముక్కతో కలిసి ఒకే అంకెవి మూడు అయ్యే జతలు, అవి 15. అంటే ఆ నాలుగు-మూడుతో కలిపి 16 చేతులు నీకు లాభం, 27 నష్టం. అతను ముందే పారేసే చెత్త జతల్ని తీసేశాక అంకెలు మారతాయి. ఆ తీసేయడంలోనే ఆటంతా ఉంది. ఏమీ లేకుండా బెదిరించాలంటే పాట్, అతని పందెం కలిపి 1,500 కోసం 2,000 ఒడ్డుతున్నావు కాబట్టి, వందకు 57 సార్లకు మించి అతను పారేయాలి.

ఇక వృత్తి సంగతి. వద్దు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని మన రాష్ట్రం 2020లోనే నిషేధించింది, 2025 ఆగస్టులో కేంద్రం దేశమంతటికీ చట్టం తెచ్చింది. ఆ దారి మూసుకుపోయింది. తెరిచి ఉన్నా, చెనిక్కాయ డబ్బుతో చదువుకునే పిల్లాణ్ని నేను అటు పంపేదాన్ని కాదు.

కానీ నీ ప్రశ్న చదివి సంతోషమేసింది. ‘అతను కాల్ చేశాడంటే చేతిలో ఏముంటుంది’ అని ఆలోచించడమే షరతు సంభావ్యత. బీమా కంపెనీలో యాక్చువరీ చేసే పనికి పునాది అదే. మీ నాన్నను అడుగు: ఫసల్ బీమాలో ఖరీఫ్ నూనెగింజలకు రైతు కట్టే ప్రీమియం వాటా బీమా మొత్తంలో గరిష్ఠంగా 2 శాతం. అసలు ప్రీమియం ఎంత పడాలో దిగుబడి, వాన లెక్కలు ముందేసుకుని తేల్చేది ఇలాంటివాళ్లే. వాన ఎగ్గొట్టే మన జిల్లాను ఎరిగినవాడు ఆ కుర్చీలో కూర్చోవాలని నాకు చాలా కోరిక.

యాక్చువరీ ప్రవేశ పరీక్ష ‘ఏసెట్’. ఇంటర్ పాసైతే చాలు, డిగ్రీ చదువుతూనే రాయొచ్చు. తర్వాతి పరీక్షలకు ఏళ్లు పడతాయి, చాలామంది ఉద్యోగం చేస్తూనే రాస్తారు. ఎమ్మెస్సీ ఇష్టమైతే ఐఐటీ జామ్‌లో మ్యాథమెటికల్ స్టాటిస్టిక్స్ పేపరుంది. ఇప్పుడు మొదలుపెడితే మూడో ఏడాదికి అందుకోగలవు.

ఈ ఆదివారం ఆ 43 చేతులూ నోటుబుక్కులో రాయి. మీవాడు మొదటి రౌండ్లోనే పారేసేవి కొట్టేసి, మిగిలినవి లెక్కపెట్టి నాకు పంపు.