చెట్లు ఉంచి ప్లాట్లు వేసే చదువు

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ రెండో సంవత్సరం. మా ఊరి పక్కన పదెకరాల్లో వెంచర్ వేస్తూ చింతలు, వేపలు అన్నీ కొట్టేసి నేల చదును చేశారు. అప్పటి నుంచి ‘చెట్లు ఉంచి ప్లాట్లు వేయలేరా? నేను ఆ పనే నేర్చుకుంటా’ అంటోంది. దానికి చదువుందా? బతుకుదెరువు ఉంటుందా?

జవాబు: చదువుందండీ. అమ్మాయి మాటలో లెక్క కూడా ఉంది. ఆ పదెకరాలంటే 48,400 గజాలు. 300 గజాల ప్లాట్లు వంద వేస్తే 30,000 గజాలు పోతాయి. అవే వంద ప్లాట్లు 200 గజాలకు తగ్గించి దగ్గర దగ్గరగా వేస్తే 10,000 గజాలు, అంటే రెండెకరాల పైనే మిగులుతుంది. ఆ మిగిలే నేల సరిగ్గా చింతలున్న చోట, వాన నీళ్లు పారే చోట మిగిలేలా లేఅవుట్ గీయడమే ఈ పని. ప్లాటు చిన్నదైతే డబ్బు తగ్గుతుందని వెంచర్ వాళ్లు అంటారు. రోడ్లు, మట్టి పని తగ్గితే ఎంత కలిసొస్తుందో వాళ్లకు అంకెల్లో చూపించడమూ నేర్చుకోవాలి.

కాలిఫోర్నియాలోని డేవిస్ ఊళ్లో 1970లలో కట్టిన విలేజ్ హోమ్స్ కాలనీ ఇలాంటిదే. వాన నీటికి భూమిలో పైపులు వేయకుండా, నేల వాలు వెంబడి పచ్చిక కాలువల్లో పారనిచ్చారు. రోడ్లు సన్నవి, ఇళ్ల మధ్య ఉమ్మడి తోటలు. అధికారులు మొదట ససేమిరా అన్నారు.

మన దగ్గర చెట్లు, నేల, నీటి అమరిక గీసే ల్యాండ్‌స్కేప్ వాళ్లను చాలాసార్లు పిలిచేది డోజర్ పని అయ్యాకే, గేటు దగ్గర లాన్ వేయడానికి. నాకు బాధ కలిగించేది ఇదే. లేఅవుట్ గీసే రోజునే అక్కడ కూర్చునే అర్హత అమ్మాయికి ఉండాలి. అందుకే నా ఓటు ఐదేళ్ల ఆర్కిటెక్చర్ డిగ్రీ బీఆర్క్‌కు. తర్వాత ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్చర్‌లోనూ, ప్లానింగ్‌లోనూ పీజీకి దారి ఉంటుంది. ఊళ్లు, నగరాల ప్రణాళిక నేర్పే నాలుగేళ్ల బీప్లానింగ్ మంచిదే, కానీ ల్యాండ్‌స్కేప్ పీజీకి చాలాచోట్ల బీఆర్కే అడుగుతారు. విజయవాడ స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్ (ఎస్పీఏ)లో ఈ రెండు డిగ్రీలూ ఉన్నాయి. అక్కడ సీటుకు జేఈఈ మెయిన్ పేపర్ 2 రాయాలి: బీఆర్క్‌కు 2ఏ, ప్లానింగ్‌కు 2బీ. హైదరాబాద్ జేఎన్ఏఎఫ్ఏయూ (జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ) లాంటి చోట్ల బీఆర్క్‌కు ఆర్కిటెక్చర్ ప్రవేశ పరీక్ష నాటా స్కోరు చూస్తారు. 2ఏలో డ్రాయింగ్ ఉంటుంది కాబట్టి పెన్సిల్ ఇప్పుడే పట్టించండి.

సంపాదన సంగతి దాచను. మొదటి మూడు నాలుగేళ్లు సాఫ్ట్‌వేర్ పిల్లలతో పోల్చుకుంటే జీతం తక్కువే. ఆర్కిటెక్ట్ ఆఫీసుల్లో, ల్యాండ్‌స్కేప్ సంస్థల్లో పని దొరుకుతుంది. పట్టణాభివృద్ధి సంస్థల్లో ఉద్యోగాలుంటాయి గానీ నోటిఫికేషన్ల కోసం ఎదురుచూడాలి. ఆమెను పోల్చి చూడకుండా ఆ నాలుగేళ్లు మీరు ఓపిక పట్టగలరా అన్నది ఇంట్లో ముందే మాట్లాడుకోండి.

ఈలోపు ఒక పని చేయించండి. గట్టి వాన పడ్డ మర్నాడు ఊళ్లో ఖాళీ జాగా ఏదైనా ఉంటే తీసుకెళ్లండి. నీళ్లు ఎటు పారాయో, ఎక్కడ నిలిచాయో గీయమనండి. పెద్ద చెట్ల కాండం ఒక్కటే కాదు, కొమ్మలు పరుచుకున్నంత మేరా గుండ్రంగా గీయాలి. వేళ్లు అంతకంటే దూరం పోతాయి. ఆ చుట్టూ తవ్వినా, మట్టి ఎత్తు పోసినా కొట్టకుండా వదిలిన చెట్టు కూడా మెల్లగా ఎండిపోతుంది. ఆ గీతలన్నీ తప్పించి రోడ్డు ఎటు తీసుకెళ్తుందో చూడండి. ఆ కాగితాలు దాచమనండి, కాలేజీలో మొదటి సైట్ స్టడీకి పనికొస్తాయి.