చుక్కలు పెట్టి వదిలేసిన వాక్యం

ప్రశ్న: మేడం గారూ, నమస్తే. మాది రాజమండ్రి. నా వయసు 54. ఇరవయ్యో ఏట పెళ్లయింది. మావారు బ్యాంకులో పనిచేసి పోయిన జూన్‌లో రిటైరయ్యారు. అబ్బాయి డల్లాస్‌లో, అమ్మాయి బెంగళూరులో ఉద్యోగాలు చేసుకుంటున్నారు. మా అత్తయ్య ఆరేళ్లు మంచంలో ఉండి పోయిన ఏడాది కాలం చేశారు. ఇప్పుడు ఇంట్లో మేమిద్దరమే. డబ్బుకి లోటు లేదు. మావారు మంచివారే. ఈమధ్య నా పుట్టినరోజుకి అమ్మాయి ఫోన్ చేసి, "అమ్మా, నీకేం ఇష్టమో చెప్పు, పంపిస్తా" అంది. నాకేమీ తోచలేదు. "ఏదో ఒకటి పంపవే" అన్నాను. పట్టుచీర వచ్చింది. చీర మంచిదే కానీ రంగు నాకంత... బీరువాలో పెట్టేశాను. ఆ రాత్రి బాత్రూంలో కూర్చుని చాలాసేపు ఏడ్చాను. నాకేం ఇష్టమో నాకే తెలియదా అనిపించింది. అప్పటినుంచి 'నిన్ను నువ్వు తెలుసుకో' అని వచ్చే వీడియోలు చూస్తున్నాను. ధ్యానం, యోగా, ఆన్‌లైన్‌లో పెయింటింగ్ క్లాసు, అన్నీ మొదలుపెట్టి వారంలో మానేశాను. అదింకో టెన్షన్ అయింది. మా ఆడపడుచుతో చెబితే, "అన్నీ ఉండి ఈ ఏడుపేంటి వదినా, ఉన్నదాంతో తృప్తిపడాలి" అంది. ఇప్పటికీ రాత్రి రెండింటికి మెలకువ వచ్చేస్తుంది. అత్తయ్యను పక్కకి తిప్పే టైము అది. తిప్పాక ఆవిడకి నిద్ర పట్టేది కాదు. చిన్నప్పుడు లంకలో ఉండగా 1953లో గోదావరి పొంగితే ఇంటి కప్పు మీద రాత్రంతా ఎలా గడిపారో, అలాంటివి చెప్పేవారు. అదొక్కటీ బాగుండేది. నాకంటూ ఏమీ రాదు, ఏమీ లేదు. ఈ వయసులో నన్ను నేను తెలుసుకోవడం కుదురుతుందా? తృప్తిగా ఉండలేకపోవడం నా తప్పా?
– ఒక సోదరి

జవాబు: అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండోసారి పెన్సిల్ పట్టుకుని చదువుతూ రెండు చోట్ల గీత గీశాను. అవేమిటో చెబుతాను. ముందు మీ ఆడపడుచు గారన్న మాట సంగతి చూద్దాం. అది మిమ్మల్ని బాగా గుచ్చుకున్నట్టుంది.

మన ఇళ్లలో ఆడవాళ్లకి 'తృప్తి' అని నేర్పేది చాలావరకు సర్దుకుపోవడమే. కడుపు నిండాక "ఇక చాలు" అని విస్తరి ముందునుంచి లేస్తే అది తృప్తి. అందరూ తిన్నాక గిన్నెలో ఏం మిగిలిందో చూసుకుని, ఆ మిగిలినదానితో సరిపెట్టుకుని లేస్తే అది సర్దుకుపోవడం. చూసేవాళ్లకి రెండూ ఒకేలా కనిపిస్తాయి. ఇద్దరూ నోరెత్తరు, ఇద్దరూ నవ్వుతూనే ఉంటారు. తేడా లోపలున్న మనిషికే తెలుస్తుంది. మీకు తెలిసింది. అందుకే బాత్రూంలో కూర్చుని ఏడ్చారు. మీ తప్పు కాదమ్మా. ముప్ఫై నాలుగేళ్లు చాలా బాగా సర్దుకున్నారు. ఆ పనిలో ఎంత ఆరితేరారంటే, అవతలివాళ్లు "నీకేం కావాలి" అని నిజంగా అడిగిన రోజు కూడా అలవాటుగా సర్దుకున్నారు. "ఏదో ఒకటి పంపవే" అన్నారు.

ఇప్పుడు నేను గీసిన మొదటి గీత. అంత ఉత్తరంలో మీకు ఫలానాది 'బాగుండేది' అని రాసింది ఒక్కచోటే. పుట్టినరోజు గురించి కాదు, పిల్లల ఉద్యోగాల గురించీ కాదు. రాత్రి రెండు గంటలకి అత్తగారు చెప్పిన వరద కబుర్ల గురించి.

మంచంలో ఉన్న మనిషిని రెండు గంటలకోసారి పక్కకి తిప్పాలని, లేకపోతే వీపున పుండ్లు పడతాయని డాక్టర్లు చెబుతారు. చెప్పడం తేలిక. ఆరేళ్లపాటు అర్ధరాత్రి లేచి ఆ పని చేసిన మనిషికి ఏమీ రాదంటే నేను ఒప్పుకోను. కానీ నేను చెప్పదలచుకున్నది మీ సేవ గొప్పదనం గురించి కాదు, దాన్ని ఇప్పటికే చాలామంది పొగిడి ఉంటారు. "ఆవిడ అదృష్టం, మీలాంటి కోడలు దొరికింది" అని కూడా అని ఉంటారు. చివర్లో "పోన్లెండి, ఆవిడకీ మీకూ విముక్తి" అన్నవాళ్లూ ఉండే ఉంటారు. ఆ విముక్తి అనే మాట దగ్గరే మీ దుఃఖానికి దారి మూసుకుపోయిందేమోనని నా అనుమానం. అమ్మ పోతే ఏడవడానికి అందరూ ఒప్పుకుంటారు. ఆరేళ్లు మంచంలో ఉన్న అత్తగారు పోతే కోడలు ఊపిరి పీల్చుకుంటుందనే అనుకుంటారు. మీకు ఊపిరీ ఆడింది, దుఃఖమూ వచ్చింది. రెండూ నిజమే. రెంటికీ చోటుంది. మీకు రోజూ కథ చెప్పే మనిషి పోయింది. రాత్రి రెండింటికి మీ ఒళ్లు లేస్తోంది, అవతల మంచం ఖాళీగా ఉంది. దాన్ని మీరు 'నాకంటూ ఏమీ లేదు' అని రాశారు. నాకు మాత్రం 'ఆవిడ లేరు' అని వినిపించింది.

ఆ మెలకువ గురించి ఒక మాట. మీ వయసులో నెలసరి ఆగిపోయే మార్పుల వల్ల కూడా నిద్ర చెదురుతుంది, ఏడుపు ఊరికే వస్తుంది. థైరాయిడ్ తేడా చేసినా, రక్తం తక్కువగా ఉన్నా, విటమిన్ బి12 తగ్గినా నీరసం, దిగులు వస్తాయి. కాబట్టి ఈ వారంలోనే మీ డాక్టరుని కలిసి ఆ పరీక్షలు చేయించుకోండి. పిల్లలకి జ్వరం వస్తే ఎంత తొందరపడేవారో మీకోసం అంత తొందరపడండి. అలాగే, రెండు వారాలకు పైగా రోజులో ఎక్కువసేపు దిగులుగా ఉన్నా, ఇదివరకు సంతోషం ఇచ్చినవి ఏమీ ఇవ్వకపోయినా అది డిప్రెషన్ కావచ్చు. దానికి మంచి చికిత్స ఉంది. బతకడం ఎందుకనే ఆలోచన ఒక్కసారి వచ్చినా ఆగకుండా 14416కి ఫోన్ చేయండి. అది ప్రభుత్వం నడిపే టెలి మానస్ సేవ. ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తుంది, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడవచ్చు.

ఇక ఆ వీడియోలు. వాటిలో కొన్ని మంచివే అయి ఉండవచ్చు, కానీ చాలావాటిలో ఒక పొరపాటు ఉంటుంది. లోపలెక్కడో 'అసలైన మీరు' పూర్తిగా తయారై కూర్చుని ఉన్నట్టు, తవ్వితే బయటపడుతుందన్నట్టు చెబుతారు. తవ్వి తవ్వి ఏమీ దొరక్కపోతే మనలోనే లోపమేమో అనిపిస్తుంది. నా అనుభవంలో ఇష్టాలు అలా దొరికేవి కావు. వాడుతుంటే పెరుగుతాయి, వాడకపోతే మొద్దుబారతాయి. మీకు పెయింటింగ్ నచ్చలేదు, మానేశారు. దాన్ని ఓటమి కింద ఎందుకు రాసుకున్నారు? నాకిది ఇష్టం లేదని తెలిసింది కదా, అదీ మీ గురించి మీకు తెలిసిన సంగతే.

నా దగ్గరికి ఒక రిటైర్డ్ టీచరు గారు వచ్చేవారు. ఆమెదీ ఇంచుమించు మీ సమస్యే. ఒకరోజు టీ తెప్పించి, పంచదార ఎంత వేయమంటారని అడిగాను. చాలాసేపు ఆలోచించి "తెలీదండీ" అన్నారు. ఇంట్లో అందరికీ కలిపి ఒకే గిన్నెలో పెట్టేవారట, వాళ్లాయనకి తీపి ఎక్కువ కావాలి, అదే తనూ తాగేవారట. ముప్ఫై ఏళ్లు. ఆ వారం రోజూ సాయంత్రం తన టీ విడిగా పెట్టుకోమన్నాను. తర్వాత వచ్చినప్పుడు ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. "నాకసలు పంచదారే అక్కర్లేదండీ, అల్లం ఘాటు ఉంటే చాలు" అన్నారు. ఆ మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది. అంత చిన్న విషయానికి ఏడవడమేమిటని మీ ఆడపడుచు గారు అనవచ్చు. ఆ గదిలో ఉన్న నాకు అది చిన్నదిగా అనిపించలేదు.

అందుకని మిమ్మల్ని పెద్ద పెద్ద పనులేమీ చేయమనను. మీ వంటింట్లో పాల లెక్క రాసే క్యాలెండర్ ఉంటుంది కదా. రోజూ పడుకునే ముందు ఆ తారీఖు గడిలో ఒక్క మాట రాయండి, ఆ రోజు బాగున్నది ఏదైతే అది. 'పెసరట్టు' అని రాయవచ్చు, 'వాన' అని రాయవచ్చు. ఏమీ లేకపోతే గడి ఖాళీగా వదిలేయండి, బలవంతాన నింపవద్దు. డిప్రెషన్ చికిత్సలో 1970ల నుంచి ఇలాంటి పద్ధతి వాడుతున్నారు. చేసిన పనులు రాసి, ఏది ఎంత హాయినిచ్చిందో పక్కన గుర్తు పెట్టుకోమంటారు. మనసు బాగాలేనప్పుడు 'నాకేదీ బాగుండదు' అని మనసు గట్టిగా చెబుతుంది, రాసుకున్న కాగితం మాత్రం ఉన్నదున్నట్టు చెబుతుంది. నెల తిరిగాక ఆ గడులు వరసగా చదవండి.

ఇంకొకటి, పెనం మీది మొదటి మంచి దోసె మీరు తినండి. వేడిగా, కూర్చుని. విరిగినదీ మాడినదీ అమ్మకే అనే లెక్క ఎవరు రాశారో తెలియదు కానీ దాన్ని కొట్టేయడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. మొదట్లో గొంతు దిగదు, తప్పు చేస్తున్నట్టుంటుంది. ఉండనివ్వండి.

మీవారి గురించి మీరు రాసింది ఒక్క ముక్కే. నేను కొంచెం ఎక్కువ చెప్పాలి. ఆయన రిటైరయ్యారు, మీరు కాలేదు. 2019లో మన దేశంలో చేసిన కాల వినియోగ సర్వేలో, ఇంటి పనులు చేసే ఆడవాళ్లు రోజుకి 299 నిమిషాలు వాటికే పెడుతున్నారని, చేసే మగవాళ్లు 97 నిమిషాలు పెడుతున్నారని తేలింది. అంటే మీ రోజులో సుమారు ఐదు గంటలు ఇప్పటికే ఖర్చు రాసి ఉంది. ఆయన పగలంతా ఇంట్లో ఉండటంతో ఆ మధ్యలో కాఫీలు, టిఫిన్లు కూడా పెరిగి ఉంటాయి. మంచి మనిషని మీరే అన్నారు, కాబట్టి ఆ మంచితనానికి ఒక పని ఇవ్వండి. గొడవ పడక్కర్లేదు, సంజాయిషీ అక్కర్లేదు. "ఏమండీ, రేపటినుంచి సాయంత్రం కాఫీ మీరు పెట్టుకోండి. నాలుగింటినుంచి ఆరింటిదాకా నేను బయటికెళ్తాను" అని చెప్పండి. "వెళ్లనా" అని అడగవద్దు. ఎక్కడికని ఆయన అడిగితే, ఇంకా అనుకోలేదని చెప్పినా తప్పులేదు. ఒంటరిగా ఇంట్లో ఉండటం ఆయనకీ కొత్తే. రెండు వారాలు ఇబ్బంది పడతారు, పడనివ్వండి.

ఎక్కడికి వెళ్లాలంటే, మీ ఊళ్లో గోదావరి గట్టుంది, దానికంటే నేనేం చెప్పను! గౌతమీ గ్రంథాలయం ఉంది. ఓ పూట కడియం వైపు నర్సరీలకి వెళ్లి రండి. 2025 ఆగస్టు 15 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ లాంటి ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్లకి టికెట్ డబ్బు అక్కర్లేదు, ఆధార్ కార్డు దగ్గర పెట్టుకుంటే చాలు. అక్కడ వరసలు తిరిగి మీకు నచ్చిన మొక్క ఒక్కటి తెచ్చుకోండి. పూజకి పనికొస్తుందా, కూరకి పనికొస్తుందా అని చూడవద్దు.

ఆ రాత్రి రెండు గంటల వేళ ఉంది కదా, దాన్ని ఏం చేయాలో నేను చాలాసేపు ఆలోచించాను. మందుల సంగతి డాక్టరు చూసుకుంటారు. మెలకువ వచ్చిన రాత్రి వీడియోలు పెట్టుకోకుండా, ఫోన్‌లో రికార్డింగ్ నొక్కి అత్తగారు చెప్పిన కథ ఒకటి మీ గొంతుతో చెప్పండి. వరదలో కప్పు మీద ఎవరెవరున్నారు, ఏం తిన్నారు, తెల్లారాక ముందుగా ఎవరి పడవ వచ్చింది, ఆవిడ ఆ మాట చెప్పేటప్పుడు గొంతు ఎలా మారేది. ఎవరికీ పంపక్కర్లేదు. ఏదో ఒకరోజు మీ అమ్మాయి ఫోన్ చేసి "తిన్నావా అమ్మా" అంటే, తిన్నానని చెప్పి, "మీ నానమ్మ చెప్పిన సంగతొకటి వింటావా" అని అడిగి చూడండి. మీకు కథలు వినడం ఇష్టం, గుర్తు పెట్టుకోవడం వచ్చు. ఆవిడ పోయాక కూడా 1953 అని సంవత్సరంతో సహా నాకు రాశారు.

ఇక రెండో గీత. చీర గురించి రాస్తూ 'రంగు నాకంత...' అని మూడు చుక్కలు పెట్టి వదిలేశారు. తర్వాత వెంటనే బీరువాలో పెట్టేశానని రాశారు. మీకేం ఇష్టమో మీకు తెలియదని ఏడ్చారు కదమ్మా, ఆ చుక్కల దగ్గర మీకు తెలుసు. ఆ రంగు మీకు నచ్చలేదు. కూతురు ప్రేమగా పంపింది, అనకూడదని నోరు నొక్కుకున్నారు, నాకు రాసిన ఉత్తరంలో కూడా. ఇలా నొక్కేసిన వాక్యాలు ముప్ఫై నాలుగేళ్లలో ఎన్ని ఉంటాయో!

అమ్మాయికి ఇప్పుడు చెప్పినా ఏమీ అనుకోదు. చీర మార్చుకోవడానికి టైము దాటిపోయి ఉంటే, మార్చక్కర్లేదు. కానీ ఆ వాక్యం మాత్రం పూర్తి చేయండి. కాగితం తీసుకుని, ఆ చీర ఏ రంగుది, మీకే రంగు కావాలనిపించిందో రాసి నాకు పంపండి. ఎదురుచూస్తుంటాను.