బెంగళూరు గుర్రప్పందేల్లో 1200 మీటర్లలో రెండుసార్లు గెలిచిన గుర్రం ఈసారి ఎందుకు వెనకబడింది?

మీరు గెలుపులే లెక్కపెట్టారు, ఎన్ని పరుగుల్లో అన్నది వదిలేశారు. మూడింట రెండు గెలవడం వేరు, పన్నెండింట రెండు వేరు.

1. బెంగళూరు రేస్ కార్డులో (ఆ రోజు పరుగులు, గుర్రాల పాత ఫలితాలు ఉండే పట్టిక) 1200 మీటర్ల పరుగులే విడిగా రాసుకోండి. 1400 కలపొద్దు.

2. చాలామంది మర్చిపోయేది ఇదే: ఆ గెలుపు ఏ క్లాసులో (రేటింగ్‌ను బట్టి గుర్రాలను విడదీసే స్థాయి), ఎంత బరువుతో? గెలిస్తే రేటింగ్, అంటే గుర్రం సత్తాకు ఇచ్చే అంకె, పెరుగుతుంది. అదే క్లాసులో ఉంటే వీపు మీద బరువు పెరుగుతుంది. పై క్లాసుకు వెళ్తే బరువు తగ్గినా పోటీ గట్టిది. 52 కిలోలతో గెలిచిన గుర్రం ఈసారి 58 మోస్తుంటే పాత గెలుపును సగమే నమ్మండి. చిత్తూరులో కూర్చుని ప్యాడాక్‌లో (పరుగుకు ముందు గుర్రాలను నడిపించి చూపే చోటు) గుర్రాన్ని చూడలేం, కాబట్టి ఈ క్లాసు, బరువు లెక్క మీదే ఎక్కువ టైం పెట్టండి.

3. బెంగళూరులో వాన పడితే, తడి పచ్చికలో పరిగెత్తిన రికార్డు ఉందో లేదో చూడండి.