వేదిక మీది పిల్ల, లారీ దగ్గరి పిల్ల

పెరంబూరు, చెన్నై

చిరంజీవి అమ్మాయికి,

నీ కథ అందింది. తమిళం చదవలేని తల్లికి కూతురు ఎన్నికల కరపత్రం చదివి వినిపించే చోట చాలాసేపు ఆగిపోయాను. చదివి చెప్పేది పిల్ల, ఓటు తల్లిది. ఇక్కడి మన తెలుగు ఇళ్లలో రోజూ కనిపించే ఈ సంగతిని కథలో చూడడం నాకిదే మొదలు.

ఆ వెంటనే ఆ పిల్లను బడిలో వేదిక ఎక్కించావు. ఆస్ట్రియా 2007లోనే 16 ఏళ్లకు ఓటిచ్చిందని, స్కాట్లాండ్ 2015లో స్థానిక ఎన్నికలకు ఇచ్చిందని ఒకటిన్నర పేజీ చెప్పించావు. అవి నిజాలే. నాకు కోపం తెప్పించింది వేరొకటి. నీ కథ 2019 వేసవిది. పూండి, పుళల్ చెరువులు ఎండి, ఊరంతా నీళ్ల లారీల కోసం కాచుకున్న వేసవి. అప్పుడు ఆ పిల్ల కౌన్సిలర్‌కు మొరపెట్టుకుందని రాశావు. ఏ కౌన్సిలర్‌కమ్మా? కార్పొరేషన్ పాలకవర్గం గడువు 2016 అక్టోబరులో తీరింది. మళ్లీ ఎన్నికలు 2022 ఫిబ్రవరిలో. ఐదేళ్లకు పైగా 200 వార్డుల్లో ఒక్క సభ్యుడూ లేడు. కూతురికి వయసు లేదు సరే, వయసున్న తల్లికి మాత్రం వార్డు ఓటు ఎక్కడుంది?

నాకిది పాత గాయం. 61వ రాజ్యాంగ సవరణ 1989 మార్చిలో అమలై ఓటు వయసు 21 నుంచి 18కి దిగినప్పుడు నాకు 19. ఆ ఏడాదే పార్లమెంటుకు ఓటేశాను. మా వీధి మురుగుకాలువను చూడవలసిన కార్పొరేషన్‌కు ఓటేయడానికి 1996 దాకా ఆగాను. 1973లో రద్దయిన పాలకవర్గానికి అప్పుడు గానీ ఎన్నికలు పెట్టలేదు. దాని మీద కథ రాస్తే, కాలువల గోల పాఠకులకెందుకు, ప్రేమకథ ఉంటే పంపండి అని ఒక సంపాదకుడు కార్డు రాశాడు. ఆ కార్డు ఇంకా నా దగ్గరుంది. ఇప్పటి సంపాదకులేమో కథ చివర నినాదం లేకపోతే ముట్టుకోరు. నీ చేత ఆ వేదిక కట్టించింది వాళ్లేనని నా అనుమానం.

16 ఏళ్లకు వార్డు ఓటు ఇవ్వాలని నేనూ గట్టిగా నమ్ముతాను. లారీ ఏ రోజు వస్తుందో, ఏ మలుపులో ఆగుతుందో, వరుసను ఎవరు తప్పిస్తారో మీ వీధిలో ఆ పిల్లకు తెలిసినంతగా ఎవరికి తెలుసు? ఆమె అర్హత అదే. దాన్ని ఆమె బిందె పట్టుకుని నిలబడ్డ చోటే చూపించు. ఉపన్యాసం తీసెయ్యి. కౌన్సిలర్ ఇంటికి వెళ్లనీ. "నేనిప్పుడు కౌన్సిలర్‌ను కాను తల్లీ" అని ఆయన చెప్పనీ. అక్కడి నుంచి ఆమె ఖాళీ బిందెతో ఏ గుమ్మానికి వెళ్తుందో రాసి పంపు. అందిన రోజే చదువుతాను.

ఆశీస్సులతో.