లాకర్ కోసం వెళ్తే పాలసీ అంటగట్టారు, వదిలించుకోవడం ఎలా?

ప్రశ్న: మారతహళ్లిలో ఉంటాం. నా వయసు 38. లాకర్ అడగడానికి బ్యాంకుకు వెళ్తే, పాలసీ తీసుకుంటే వెంటనే ఇస్తామన్నారు. కౌంటర్లో అబ్బాయి మన తెలుగువాడే, ఎఫ్‌డీ లాంటిదే అని చెప్పాడు. ఏడాదికి 1,20,000 చొప్పున పదేళ్లు కట్టాలని, 12 లక్షల బీమా అని కాగితాలు చూశాకే అర్థమైంది. 3వ తేదీన మెయిల్లో పీడీఎఫ్ వచ్చింది, 11న పోస్టులో బాండు వచ్చింది. ఈరోజు 22. రద్దు చేయమంటే ‘ఫీజులు పోను సగమే వస్తుంది, ఏడాది ఆగండి, సరెండర్ చేద్దాం’ అంటున్నాడు. తన ఉద్యోగానికి ముప్పంటున్నాడు. ఏం చేయమంటారు?

జవాబు: రద్దు చేసుకోండి, అదీ ఈ వారంలోనే. సగం పోతుందన్న మాట పచ్చి అబద్ధం. ఇప్పుడు రద్దు చేస్తే మీకు పోయేది వందల్లోనే. ఏడాది ఆగితేనే నిజంగా వేలకు వేలు పోతాయి.

దీన్ని ఫ్రీ లుక్ అంటారు. జీవిత బీమా పాలసీ చేతికి అందిన రోజు నుంచి 30 రోజుల్లోపు, నచ్చకపోతే వెనక్కి ఇచ్చేయొచ్చు. ఇది బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ నిబంధన, కంపెనీ దయ కాదు. 2024కు ముందు కాగితం బాండుకు 15 రోజులే ఉండేది. అందుకే కొన్ని బ్రాంచీల్లో ఇంకా ‘15 రోజులు దాటిపోయాయి’ అని తిప్పి పంపేస్తుంటారు. 2024 నిబంధనల్లో అది 30 రోజులని చెప్పండి.

కోతలు మూడే. కవర్ ఉన్న రోజులకు రిస్క్ ప్రీమియం (బీమా రక్షణకు అయ్యే ఖర్చు), వైద్య పరీక్ష చేయించి ఉంటే దాని ఖర్చు, స్టాంపు డ్యూటీ. స్టాంపు డ్యూటీ వెయ్యి రూపాయల బీమాకు 20 పైసలు, కాబట్టి 12 లక్షలకు 240 రూపాయలు. రిస్క్ ప్రీమియం వయసును బట్టి మారుతుంది. ఏడాదికి 2,400, రద్దయ్యేదాకా కవర్ 25 రోజులు అనుకుంటే 164 రూపాయలు. రక్త పరీక్షకు మనిషి రాలేదంటే వైద్య ఖర్చు సున్నా. మొత్తం కోత 404, వెనక్కి వచ్చేది 1,19,596. ఏజెంటు కమిషన్, ప్రాసెసింగ్, పాలసీ ఖర్చులు అని ఇంకేం రాసినా ఒప్పుకోవద్దు. ఏ పద్దు కింద ఎంత తీశారో మెయిల్లో అడగండి. ఈ మూడు తప్ప నాలుగో పద్దు వాళ్లు చూపించలేరు.

ఇక అతను చెప్పిన సరెండర్, అంటే గడువుకు ముందే పాలసీ వదులుకుని డబ్బు తీసుకోవడం, దాని సంగతి. 2024 అక్టోబర్ 1 నుంచి ఏడాది ప్రీమియం పూర్తిగా కట్టిన పాలసీకి కూడా, ఏడాది గడిచాక, కొంత సరెండర్ విలువ ఇవ్వాలి. అతను చూపిస్తున్న ఆశ అదే. కానీ హామీ ఉన్న సరెండర్ విలువ రెండేళ్ల ప్రీమియం కడితేనే మొదలవుతుంది, అదీ కట్టిన దాంట్లో 30 శాతం. 2,40,000 కట్టి 72,000 హామీ. కంపెనీ విడిగా లెక్కగట్టే స్పెషల్ సరెండర్ విలువ అంతకంటే ఎక్కువ వస్తే ఎక్కువదే ఇస్తారు గానీ, ఈ దశలో కట్టినంత వెనక్కి వస్తుందని అనుకోకండి. ఈరోజు 404 రూపాయలతో తేలిపోయే పనిని అక్కడిదాకా ఎందుకు లాగాలి?

తేదీ దగ్గరే ఎక్కువమంది దెబ్బతింటారు. బాండు 11న వచ్చింది కాబట్టి అప్పటి నుంచి లెక్క అని మీరంటారు. 3న పీడీఎఫ్ పంపాం, అదే లెక్క అని కంపెనీ అంటుంది. ఈ వాదనలోకి దిగకండి, 3 నుంచే లెక్క వేసుకోండి. 19 రోజులు అయిపోయాయి, మిగిలింది 11. ఆ మెయిల్‌ను, పోస్టు కవరును తేదీ కనిపించేలా దాచండి.

రద్దు ఉత్తరం బ్యాంకుకు కాదు, బీమా కంపెనీకి ఇవ్వాలి. బ్యాంకు ఏజెంటు మాత్రమే. బ్యాంకులో అబ్బాయి చేతికిస్తే అది అతని టేబుల్ సొరుగులోనే పడి ఉంటుంది. గడువు దాటాక ‘మాకు అందలేదు’ అని కంపెనీ అంటుంది. బాండులో ఉన్న కస్టమర్ సర్వీస్ మెయిల్‌కు ఈరోజే రాయండి. పాలసీ నంబరు, అందిన తేదీ, ‘ఫ్రీ లుక్ కింద రద్దు చేయండి’ అన్న వాక్యం, ఒక్క లైను కారణం చాలు. కారణం రాయాలి గానీ డబ్బు దాని మీద ఆధారపడదు. ఏ కారణమైనా వాళ్లు రద్దు చేయాల్సిందే. ‘పాలసీ మార్చండి’, ‘ఆలోచిస్తున్నాను’ లాంటి మాటలు రాయొద్దు, దాన్ని సందేహంగా లెక్కేసి పక్కన పెడతారు.

రేపు కంపెనీ బ్రాంచికి వెళ్లి అదే ఉత్తరం రెండు ప్రతులు తీసుకెళ్లండి. అసలు బాండు, మీ పేరు ముద్రించిన క్యాన్సిల్డ్ చెక్కు, ఆధార్ లేదా పాన్ నకలు జత చేయండి. ఇచ్చేముందు బాండు అన్ని పేజీలూ ఫోన్లో ఫొటో తీసుకోండి. రెండో ప్రతి మీద తేదీతో సీలు, సంతకం పడేదాకా అక్కడి నుంచి కదలొద్దు. సీలు వెయ్యం అంటే మీ మెయిల్‌కు వచ్చిన సర్వీస్ రిక్వెస్ట్ నంబరు చూపించండి. బెంగళూరు ట్రాఫిక్‌కు భయపడి దీన్ని వాయిదా వేయకండి, ఈ ఒక్క సీలు మీకు తర్వాత చాలా తిరుగుడు తప్పిస్తుంది.

ఆ వెంటనే ఫోన్లు మొదలవుతాయి. ఒకరు బోనస్ అంటారు, ఒకరు ప్రీమియం తగ్గిస్తామంటారు, ఒకరు మేనేజర్‌తో మాట్లాడమంటారు. ‘రాతపూర్వకంగా పంపించేశానండీ, అందులో మార్పు లేదు’ అని పెట్టేయండి. ఆ అబ్బాయి మన భాషవాడన్న మొహమాటం మీకు ఉంటుంది, అర్థమవుతుంది. కానీ అతని టార్గెట్ భారం మీరు పదేళ్లపాటు 12 లక్షలతో మోయాల్సిన అవసరం లేదు. ఓటీపీ ఎవరడిగినా చెప్పొద్దు. కొన్నిసార్లు అది ‘రద్దు విరమించుకుంటున్నాను’ అన్న ఒప్పుకోలు అవుతుంది.

ప్రీమియం ఆటో డెబిట్ పెట్టారేమో చూసి, నెట్ బ్యాంకింగ్‌లో ఆ మ్యాండేట్ (ఖాతా నుంచి డబ్బు తీసుకోవడానికి మీరిచ్చిన అనుమతి) విడిగా రద్దు చేయండి. పాలసీ రద్దయినా మ్యాండేట్ దానంతట అదే పోతుందని నమ్మకం లేదు. ఆదాయపన్ను పాత పద్ధతిలో ఉంటే ఈ 1,20,000 ఆఫీసులో మినహాయింపు కింద చూపించొద్దు.

బాండు మీద యూలిప్ (మీ డబ్బును మార్కెట్లో పెట్టే బీమా) అని ఉంటే లెక్క కొంచెం మారుతుంది. యూనిట్ల విలువ ఆరోజు ఎన్ఏవీ (ఒక్కో యూనిట్ ధర) ప్రకారం కడతారు, కాబట్టి మార్కెట్ పడితే ఆ తేడా మీదే. గడువు దాటితే డబ్బు ఐదేళ్లు ఇరుక్కుంటుంది. పైగా మీ ప్రీమియం స్థాయికి మొదటి ఏడాది 6,000 దాకా డిస్‌కంటిన్యుయెన్స్ చార్జీ (మధ్యలో ఆపేసినందుకు కోత) పడవచ్చు.

కంపెనీకి ఉత్తరం అందిన 7 రోజుల్లో డబ్బు ఖాతాలో పడాలి. ఆలస్యమైతే బ్యాంకు రేటుకు (రిజర్వు బ్యాంకు ప్రకటించేది) 2 శాతం కలిపి వడ్డీ అడగండి. పడకపోతే కంపెనీ గ్రీవెన్స్ (ఫిర్యాదుల) అధికారికి రాయండి, వాళ్లకు 14 రోజులు గడువు. ఐఆర్‌డీఏఐ బీమా భరోసా పోర్టల్లోనూ ఫిర్యాదు పెట్టొచ్చు, 155255కు ఫోన్ కూడా చేయొచ్చు. నెల దాటినా తేలకపోతే కర్ణాటకకు బీమా ఫిర్యాదులు తేల్చే అంబుడ్స్‌మన్ బెంగళూరు జేపీ నగర్‌లోని జీవన్ సౌధలో ఉన్నారు. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. మీరు చూపించాల్సింది ఆ సీలు పడ్డ ప్రతి, మెయిళ్లే.

లాకర్ విషయం. లాకర్ ఇవ్వడానికి బీమా కొనాలన్న నియమం ఏదీ లేదు. 2021 రిజర్వు బ్యాంకు సూచనల ప్రకారం బ్యాంకు అడగగలిగింది మూడేళ్ల అద్దె, అవసరమైతే లాకర్ పగలగొట్టే ఖర్చు కలిపి అంత మొత్తానికి ఒక టర్మ్ డిపాజిట్. లాకర్లు ఖాళీ లేకపోతే మీ దరఖాస్తుకు రసీదు, వెయిటింగ్ లిస్టు నంబరు ఇవ్వాలి. డబ్బు తిరిగి వచ్చిన మర్నాడే వెళ్లి, ఆ నంబరు రాసి ఇవ్వమని అడగండి.