ఆర్నెల్ల సరుకులు ఈఎంఐ మీద కొనాలా? ముందు నెల రోజుల సంగతి చూద్దాం

ప్రశ్న: మాది విజయవాడ సింగ్ నగర్, గ్రౌండ్ ఫ్లోర్ అద్దిల్లు. నేను, మావారు, ఇద్దరు పిల్లలు, షుగర్ ఉన్న మా అత్తగారు. 2024 వరదల్లో రెండు బియ్యం బస్తాలు, ఏడాదికని పెట్టుకున్న చింతపండు, పప్పులు అన్నీ నీళ్ళపాలయ్యాయి, నాలుగు రోజులు పిల్లలకి సరిగ్గా తిండి పెట్టలేకపోయాను. ఇప్పుడు ఆర్నెల్ల సరుకులు ఒకేసారి కొని పెట్టుకుందామని ఉంది. నెలకి 7,500 చొప్పున 45,000 అవుతుంది, క్రెడిట్ కార్డు మీద పన్నెండు నెలల ఈఎంఐ పెడదామనుకుంటున్నా. బ్యాంకులో 38,000 ఉన్నాయి, 5,000 చీటీతో కలిపి నెల ఖర్చు 32,000. మావారు వద్దంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: ఆ నాలుగు రోజులు చూసినవాళ్ళకి ఇల్లంతా సరుకులతో నింపేయాలనే అనిపిస్తుందమ్మా, మీ భయంలో తప్పేం లేదు, నిల్వ పెట్టుకోవాలన్న ఆలోచన కూడా మంచిదే. నేను వద్దనేది రెండే, ఆర్నెల్లన్న లెక్కా, ఆ ఈఎంఐ.

ముందు ఈఎంఐ సంగతి చూద్దాం. 45,000 ని 16 శాతం వడ్డీకి పన్నెండు నెలలు పెడితే నెలకి 4,080 దాకా పడుతుంది, మొత్తమ్మీద వడ్డీయే దగ్గర దగ్గర 4,000, దాని మీద జీఎస్టీ, ప్రాసెసింగ్ ఫీజు వేరే. అంతకంటే పెద్ద సమస్య ఏంటంటే ఆ సరుకులు ఆరో నెలకి అయిపోతాయి, ఏడో నెల నుంచి మళ్ళీ 7,500 పెట్టి కొత్త సరుకులు కొనాలి, పాత సరుకుల ఈఎంఐ కూడా కట్టాలి, అంటే ఎప్పుడో తినేసిన అన్నానికి ఇంకో ఆర్నెల్లు డబ్బులు కడుతూ ఉంటారు. మధ్యలో ఒక నెల తప్పితే కార్డువాళ్ళు నెలకి మూడు మూడున్నర శాతం వేసుకుంటారు. ఈ ఒక్క విషయంలో మీవారి మాటే వినండి.

ఇక ఆర్నెల్ల సంగతి. మన దగ్గర వచ్చే విపత్తు ఎన్ని రోజులుంటుందో గుర్తు చేసుకోండి. 2024 సెప్టెంబర్ 1 తెల్లారేసరికి బుడమేరు వాగు నీళ్ళు ఇళ్ళలోకొచ్చేశాయి, కొన్ని వీధుల్లో వారం దాటినా తీయలేదు, హెలికాప్టర్లు, డ్రోన్లతో కూడా ప్యాకెట్లు వేశారు గానీ లోపలి సందులవాళ్ళకి అందేసరికి ఆలస్యమైంది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు వైజాగ్‌లో రోజుల తరబడి కరెంటు లేదు, ఏటీఎంలు పనిచేయలేదు, పాలకి కటకట. అంటే మనకి కావాల్సింది పొయ్యి లేకుండా, కరెంటు లేకుండా పది రోజులు గడిచే తిండి, ఆ తర్వాత ఇంకో మూడు వారాలు బజారు సరిగ్గా తెరుచుకోకపోయినా వంట చేసుకోగలిగే సరుకులు. అంతకు మించి వచ్చే కష్టం, అంటే ఉద్యోగం పోవడం, ఆసుపత్రి, ఇల్లు మారాల్సి రావడం, వీటికి బియ్యం పనికిరాదు, డబ్బే కావాలి. నేనైతే ఇంట్లో ఉన్న సరుకుల్ని కూడా ఎమర్జెన్సీ ఫండ్‌లో మొదటి నెల కిందే లెక్కేస్తాను, మిగతా నెలలు బ్యాంకులో ఉండాలి. మీ దగ్గరున్న 38,000 ఒక నెలకి కాస్త ఎక్కువ, అంతే, అందుకే దాన్ని ముట్టుకోవద్దంటున్నా.

మరి ఎలా కొనాలంటే, ప్రతి నెలా సరుకులు తెచ్చేటప్పుడు 1,500 వి అదనంగా తెచ్చుకోండి, ఐదు నెలల్లో 7,500 అయిపోతుంది, అంటే ఒక నెల సరుకు ఎప్పుడూ ముందే ఇంట్లో ఉంటుంది. మీరు రోజూ తినేవే కొనండి. ఆన్‌లైన్‌లో పాతికేళ్ళు నిల్వ ఉంటాయని డబ్బాలు అమ్ముతున్నారు, వాటి ధరకి మీ ఇంటికి ఎన్ని బస్తాలొస్తాయో చూస్కోండి, పైగా మీ పిల్లలు వాటిని తింటారో లేదో మొదటిసారి వరదలోనే తెలుస్తుంది. కొత్తగా తెచ్చినవి వెనక, పాతవి ముందు, డబ్బా మీద నెల రాసిన స్టిక్కర్, ఇది అలవాటైతే ఏదీ పారేయాల్సిన పని ఉండదు.

బియ్యం ఒక్కటి మాత్రం కాస్త ఎక్కువే పెట్టుకోవచ్చు, మనకి ఎలాగూ పాత బియ్యం అన్నమే బాగుంటుంది, షాపులో పాతవని చెప్పి బస్తాకి ఎక్కువే తీసుకుంటారు, కోతలయ్యాక కొత్తవి కాస్త తక్కువకి కొని ఇంట్లోనే పాతబెట్టుకుంటే ఆ తేడా మీకే మిగులుతుంది. బస్తా కొనేటప్పుడు 26 కేజీలది అడగండి, 2022 జూలై నుంచి 25 కేజీల వరకు ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యానికి 5 శాతం జీఎస్టీ వచ్చింది కాబట్టి అప్పట్నుంచి చాలామంది వ్యాపారులు 26 కేజీల బస్తాలే తెస్తున్నారు. కందిపప్పు పంట కొత్తగా మార్కెట్‌కి వచ్చే జనవరి, ఫిబ్రవరి ప్రాంతంలో, చింతపండు, ఎండుమిర్చి ఎండాకాలం మొదట్లో కొనండి. ఇక్కడ ఒక లెక్క చెప్తా, ఏడాది సరుకు సీజన్లో పది శాతం తక్కువకి దొరికిందనుకోండి, అది నెలనెలా ఖర్చైపోతుంది కాబట్టి మీ డబ్బు సగటున ఆర్నెల్లే దాంట్లో ఉంటుంది, అంటే ఏడాదికి ఇరవై శాతం వచ్చినట్టే, ఏ ఎఫ్‌డీ ఇవ్వదు అంత. కానీ అందులో ఐదు శాతం పురుగు పట్టి పారేస్తే లాభం సగం పోయినట్టే, అందుకే ఈ పద్ధతి చెడనివాటికే. గోధుమపిండి, రవ్వ, నూనె, వేరుశనగ గుళ్ళు నెల రెండు నెలలకి మించి వద్దు, పిండి చేదెక్కుతుంది, గుళ్ళు కమురు వాసనొస్తాయి.

పురుగు సంగతి కూడా చెప్పేస్తా, మీకు తెలిసిందే అయినా. కందిపప్పుని మంచి ఎండలో పెట్టి, చల్లారాక అరచేతికి ఆముదం రాసుకుని పప్పుకి పట్టించి డబ్బాలో పోస్తే ఏడాది నిలుస్తుంది. వేడి మీద మూత పెడితే లోపల చెమ్మ పట్టి అదే పాడవుతుంది. చింతపండు గింజ, ఈనెలు తీసి ఉప్పు కలిపి జాడీలో అదిమి పెట్టండి. బియ్యంలో ఎండిన వేపాకు వేయండి, బోరిక్ పౌడర్ కలిపేవాళ్ళున్నారు, పిల్లలున్న ఇల్లు, దయచేసి ఆ పని చేయొద్దు. నెలకోసారి డ్రమ్ములో మోచేతి దాకా చెయ్యి పెట్టి అడుగు నుంచి గుప్పెడు తీసి చూడండి, గింజలు ఒకదానికొకటి అంటుకుని ఉండలుగా వస్తుంటే పురుగు మొదలైనట్టే, ఆ వారమే ఎండబోసి వాడేయండి.

అసలు ముఖ్యమైంది, మీ ఉత్తరం చదవగానే నాకు తట్టింది, ఇవన్నీ పెట్టేది మళ్ళీ అదే గ్రౌండ్ ఫ్లోర్‌లో కదా. ఆర్నెల్ల సరుకు ఉండుంటే ఆ రోజు ఆర్నెల్లదీ పోయేది. అటక ఉంటే పది రోజుల తిండి అక్కడే, నేల మీద ఏదీ వద్దు. స్టీలు డబ్బాలు మూత గట్టిగా ఉన్నట్టే కనిపిస్తాయి, నీళ్ళలో తేలి ఒరిగిపోతే మూత ఊడొస్తుంది, రింగు బిగించే ప్లాస్టిక్ డ్రమ్ము తీసుకోండి. పైన వాటాలో ఉండేవాళ్ళని మొహమాటపడకుండా అడిగి ఒక డ్రమ్ము వాళ్ళింట్లో పెట్టండి, నీళ్ళొస్తే మీరంతా ఎక్కేది ఎలాగూ పైకే, ఆ తిండి ఇద్దరికీ పనికొస్తుంది.

ఆ డ్రమ్ములో అటుకులు, పుట్నాలు, బెల్లం, బిస్కెట్లు, పచ్చడి, ఫ్రిజ్ అక్కర్లేని టెట్రాప్యాక్ పాలు పెట్టండి, అత్తగారికి బెల్లం, బిస్కెట్లు కుదరవు కాబట్టి వేయించిన శనగలు ఎక్కువేయండి, ఆవిడ షుగర్ మాత్రలు ఎప్పుడూ ఒక నెలవి ముందుండాలి. ఇన్సులిన్ వాడుతుంటే కరెంటు పోయినప్పుడు ఎలా దాచాలో డాక్టర్ని ఇప్పుడే అడిగి పెట్టుకోండి. తాగే నీళ్ళు మాత్రం అస్సలు మర్చిపోవద్దు, ఐదుగురికి మనిషికి నాలుగు లీటర్ల చొప్పున మూడు రోజులకి 60 లీటర్లు, అంటే మూడు క్యాన్లు, వానాకాలంలో వాటిని ఖాళీగా ఉంచొద్దు, దాంతోపాటు క్లోరిన్ బిళ్ళలు. రెండో గ్యాస్ సిలిండర్ లేకపోతే తీసుకోండి. ఒక 3,000 చిన్న నోట్లుగా ప్లాస్టిక్ కవర్లో చుట్టి అదే డ్రమ్ములో వేయండి, ఫోన్ చచ్చిపోయాక యూపీఐ పనిచేయదు, ఆ వరదలో ప్రైవేటు పడవలవాళ్ళు డబ్బులడిగారని పేపర్లలో కూడా వచ్చింది.

ధరలు పెరిగిపోతాయేమోనన్న భయం కూడా మీకుంటే ఒకటి గుర్తు పెట్టుకోండి, 2023 జూలైలో మన ప్రభుత్వం బాస్మతి కాని తెల్ల బియ్యం ఎగుమతి ఆపేసినప్పుడు అమెరికాలో మనవాళ్ళు సోనా మసూరి కోసం షాపుల ముందు క్యూ కట్టారు, ఎక్కువ ధర పెట్టి కొన్నదీ ఆ క్యూలో ఉన్నవాళ్ళే. అందరూ కొనని నెలలో కొద్దికొద్దిగా కొనుక్కునేవాళ్ళకి ఆ బాధ ఉండదు.

చివరగా ఆ ఈఎంఐకి కడదామనుకున్న 4,080 సంగతి. అందులో 1,500 సరుకులకి పోతే 2,580 మిగులుతాయి, దాన్ని ఏడాదిపాటు ఆర్‌డీలో వేయండి, వడ్డీ కాకుండానే 30,960 అవుతుంది, మీ 38,000 తో కలిపితే రెండు నెలల ఖర్చు దాటుతుంది. చీటీ ఇప్పుడే పాడొద్దు, దాన్ని ఎమర్జెన్సీ డబ్బు కింద లెక్కేసుకోవద్దు కూడా, హడావుడిలో పాడితే ఎక్కువ తగ్గించుకుని తీసుకోవాల్సొస్తుంది. సొంతిల్లు కాకపోయినా భారత్ గృహ రక్ష అనే ఇంటి బీమా పాలసీ ఇంట్లో సామానుకి మాత్రమే తీసుకోవచ్చు, వరద నష్టం కూడా అందులో కవర్ అవుతుంది, ఫ్రిజ్, వాషింగ్ మెషిన్ బిల్లులు ఫొటో తీసి పెట్టుకోండి. వానలు మొదలవకముందే ఇద్దరు ముగ్గురు ఏజెంట్లని ప్రీమియం ఎంతో అడగండి.