అడవిని నరకడమా, నిర్మూలించడమా?

సందేహం: గురువుగారికి నమస్కారం. నేను ఎనిమిదో తరగతికి సాంఘికశాస్త్రం చెబుతాను. ‘ప్రపంచంలో అడవులు తగ్గిపోవడానికి ప్రధాన కారణాలు’ అని వ్యాసం రాయిస్తే చాలామంది పిల్లలు ఇలా మొదలుపెట్టారు: “అటవీ నరికివేతకు ప్రధాన కారణం చెట్లను విచక్షణారహితంగా నరకడం వల్ల జరుగుతోంది.” ఈ వాక్యం కుంటుతోందని తెలుస్తోంది గానీ ఎక్కడన్నది చెప్పలేకపోయాను. అటవీ నరికివేత, అడవుల నరికివేత, అటవీ నిర్మూలన, నిర్వనీకరణ, వీటిలో ఏది వాడాలి? ‘అడవులను అంతరిస్తున్నారు’ అని ఒక అబ్బాయి రాశాడు. అది తప్పేనా?

సమాధానం: ఆ వాక్యంలో వ్యాకరణం చిక్కులు రెండున్నాయి, విషయం చిక్కు ఒకటుంది. విషయానిదే పెద్దది కాబట్టి వ్యాకరణం ముందు చూసేద్దాం.

‘అటవీ’ అని దీర్ఘంతో ఉన్నది సంస్కృత రూపం. తెలుగులో విడిగా వాడితే దీర్ఘం పోయి ‘అటవి’ అవుతుంది. నదీ అనే మాట తెలుగులో నది అయినట్టే. నదీతీరం అంటాం, నది ఒడ్డు అంటాం. ‘నదీ ఒడ్డు’ అంటే చెవికి గుచ్చుకుంటుంది. ‘అటవీ నరికివేత’ కూడా అచ్చం అలాంటిదే. దీర్ఘాంతమైన సంస్కృత పదాన్ని అచ్చతెలుగు మాటకు అతికించారు. అటవీ సంపద, అటవీ ప్రాంతం, అటవీ నిర్మూలన సరైనవి. అడవుల నరికివేత కూడా సరైనదే. కూల్చివేత, అణచివేత లాగా నరికివేత చక్కటి తెలుగు మాట. దాని పక్కన ‘అడవుల’ అనే తెలుగు రూపమే ఇముడుతుంది.

రెండోది ‘కారణం... వల్ల’. ఈ రెండూ చేసే పని ఒకటే. “వ్యవసాయ విస్తరణ వల్ల అడవులు తగ్గుతున్నాయి” అనవచ్చు. “అడవులు తగ్గడానికి కారణం వ్యవసాయ విస్తరణ” అనీ అనవచ్చు. రెండింటినీ ఒకే వాక్యంలో పెడితే దానికి మొదలూ చివరా కలవవు. పత్రికల్లోనూ టీవీ వార్తల్లోనూ ఈ పొరపాటు రోజూ కనిపిస్తోంది, పిల్లలను ఏమని తప్పుపడతాం?

ఇక అసలు చిక్కు. నరికివేతకు కారణం నరకడం అంటే ఏమీ చెప్పనట్టే. పిల్లలు అలా ఎందుకు రాశారంటే, మనం వాళ్లకిచ్చిన మాటలోనే గొడ్డలి ఉంది. ‘నరికివేత’ అనగానే ఒక మనిషి, ఒక చెట్టు, ఒక వేటు కళ్లముందుకు వస్తాయి. కారణం అడిగితే ఆ గొడ్డలినే చూపిస్తారు. కానీ నరికిన ప్రతి చోటా అడవి పోదు. మోడు పక్క నుంచి పిలకలు లేస్తాయి, రాలిన గింజలు మొలుస్తాయి, కొన్నేళ్లకు నేల మళ్లీ చెట్లతో నిండుతుంది. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ (ఎఫ్‌ఏఓ) ‘అడవి పోవడం’ అన్నదానికి ఇచ్చే నిర్వచనంలోనూ కీలకం ఇదే. అడవిగా ఉన్న నేల పొలంగానో, మేతభూమిగానో, ఊరుగానో, గనిగానో మారిపోతేనే దాన్ని ఈ లెక్కలో చేరుస్తారు. చెట్లు కొట్టినా మళ్లీ అడవిగానే ఎదగనిస్తే చేర్చరు.

అందుకే నా ఓటు ‘అటవీ నిర్మూలన’కు. మూలం అంటే వేరు. వేరు లేకుండా చేయడం నిర్మూలన. పోయింది చెట్టు మాత్రమే కాదని, ఆ నేలకు అడవితో ఉన్న సంబంధమే తెగిందని ఆ మాట పుట్టుకే చెబుతోంది.

ఈ తేడా మాటలకే పరిమితం కాదు, లెక్కలను సరిగ్గా చదవడానికి కూడా కావాలి. 2018లో ‘సైన్స్’ పత్రికలో వచ్చిన ఒక అధ్యయనం 2001 నుంచి 2015 దాకా ప్రపంచంలో చెట్లు పోయిన చోట్లన్నిటినీ ఉపగ్రహ చిత్రాల్లో పరిశీలించింది. పశువుల మేత, సోయా, పామాయిల్, గనుల వంటి వాటి కోసం శాశ్వతంగా మారిపోయిన నేల వాటా దాదాపు 27 శాతం. కలప కోసం కొట్టడం 26, పోడు తరహా సాగు 24, కార్చిచ్చు 23 శాతం. ఎఫ్‌ఏఓ సర్వే ప్రకారం మాత్రం 2000-2018 మధ్య పోయిన అడవిలో దాదాపు 90 శాతం వ్యవసాయం కోసమే పోయింది. పోయిన మొత్తంలో సుమారు సగం పంటభూములకు, 40 శాతానికి కాస్త తక్కువ పశువుల మేతకు. ఒకచోట 27, ఇంకోచోట 90 కనబడితే పిల్లలు తికమకపడతారు. మొదటిది చెట్లు పోయిన ప్రతి చోటునూ కొలిచింది, రెండోది నేల రూపు మారిన చోటును. మన మాటల్లో చెప్పాలంటే మొదటిదానిలో నరికివేతలూ దహనాలూ అన్నీ ఉన్నాయి, రెండోది నిర్మూలన.

‘నిర్వనీకరణ’ వ్యాకరణరీత్యా తప్పు కాదు. లేని గుణాన్ని కలిగించడమనే అర్థంలో శుద్ధీకరణ, సరళీకరణ వచ్చినట్టే, వనం లేనిదిగా చేయడం నిర్వనీకరణ. పాఠ్యపుస్తకంలో ఉంటే ఉండనివ్వండి. నాకున్న ఇబ్బంది వేరు. ‘వనం’ అంటే అడవీ అవుతుంది, తోటా అవుతుంది. ఉద్యానవనం, పూలవనం అంటున్నాం కదా. అడవి, తోట వేరని పట్టి చెప్పాల్సిన విషయంలో ఈ అస్పష్టత మంచిది కాదు. సుమత్రా, బోర్నియో దీవుల్లో వానల అడవిని తీసేసి ఆయిల్‌పామ్ వేసిన చోట పైనుంచి చూస్తే అంతా పచ్చగానే ఉంటుంది, కోట్ల చెట్లుంటాయి. ఎఫ్‌ఏఓ మాత్రం ఆయిల్‌పామ్ తోటను అడవిగా లెక్కించదు. 2000-2018 మధ్య ప్రపంచంలో జరిగిన అటవీ నిర్మూలనలో 7 శాతం ఆ ఒక్క పంటదే. అడవి వేరు, తోట వేరు అనే తేడా మన భాషలో మొదటినుంచీ ఉంది. దాన్ని పోగొట్టుకోకూడదు.

పిల్లల వాక్యంలో నన్ను ఎక్కువగా బాధపెట్టింది ‘విచక్షణారహితంగా’ అన్న మాట. వినడానికి ఖండిస్తున్నట్టే ఉంటుంది గానీ జరిగేదాన్ని కప్పేస్తుంది. అమెజాన్‌లో ఒక అడవి ముక్క ఎలా ఖాళీ అవుతుందో చూడండి. ముందు బాట పడుతుంది. ఆ బాటన విలువైన కలప బయటికి పోతుంది. మిగిలిన చెట్లను పడగొట్టి, వానలు లేని నెలల్లో ఎండనిస్తారు. ఆనక నిప్పు పెడతారు. బూడిద మీద గడ్డి విత్తనం చల్లి పశువులను తోలుతారు. పశువులు మేస్తున్న నేల మీద హక్కు అడగడం సులువు. బ్రెజిల్‌లోని రొండోనియా రాష్ట్రం గుండా పోయే బీఆర్-364 రహదారికి 1980లలో తారు వేశాక జరిగింది ఇదే. పెద్ద దారి నుంచి పక్కదారులు, వాటి వెంట ఖాళీ నేల ముక్కలు, ఆకాశం నుంచి చూస్తే చేప ముల్లులా కనిపిస్తుంది. ఇందులో విచక్షణ లేనిదెక్కడ? అడుగడుగునా లెక్క ఉంది. ‘లాభం చూసుకుని’ అని రాస్తే నిజానికి దగ్గరగా ఉంటుంది.

క్రియల దగ్గరా ఇదే జాగ్రత్త కావాలి. ‘అడవులు తగలబడ్డాయి’, ‘అడవులను తగలబెట్టారు’, ఈ రెంటి మధ్య ఒక మనిషి ఉన్నాడు. మొదటి వాక్యంలో అతను కనిపించడు. ఆస్ట్రేలియాలో పిడుగు పడి రేగిన కార్చిచ్చుకు మొదటిది సరిపోతుంది. ఇండోనేషియాలో 2015లో జూన్ నుంచి అక్టోబరు దాకా 26 లక్షల హెక్టార్లు కాలిపోయాయని ప్రపంచ బ్యాంకు లెక్క కట్టింది. కరవు ఆ మంటలను పెంచింది, నిజమే. అయితే సగం కుళ్లిన ఆకులూ కొమ్మలూ పొరలుగా పేరుకుని తడిగా ఉండే పీట్ నేలల్లో తోటల కోసం కాలువలు తవ్వి నీళ్లు తోడేశారు, ఎండిన నేలకు నిప్పు పెట్టారు. అక్కడ ‘తగలబడ్డాయి’ అని ఊరుకుంటే సగమే చెప్పినట్టు.

ఇప్పుడు ఆ అబ్బాయి సంగతి. ‘అడవులను అంతరిస్తున్నారు’ తప్పే, కానీ తెలివైన తప్పు. తగ్గు-తగ్గించు, నవ్వు-నవ్వించు జతలు చూసి, చివర ‘ఇంచు’ ఉంటే ఎవరో చేసే పని అనుకున్నాడు. సంస్కృతం నుంచి వచ్చిన కొన్ని క్రియలకు ఈ సూత్రం పనికిరాదు. అంతరించు, నశించు, క్షీణించు, మరణించు, ఇవన్నీ తమంతట తాము జరిగేవి. ఎవరో చేశారని చెప్పాలంటే అంతరింపజేస్తున్నారు, నశింపజేస్తున్నారు అనాలి. ఆ అబ్బాయికి మార్కు తగ్గించకండి. ‘అడవులు అంతరిస్తున్నాయి’ అని తక్కినవాళ్లు వదిలేసిన కర్తను అతను వాక్యంలోకి తెచ్చాడు.

ఇంకొక్క చిన్న మాట, ‘వల్ల’కూ ‘కోసం’కూ ఉన్న తేడా. ‘పశువుల మేత వల్ల అడవి పోతోంది’ అంటే మందలు లేత మొక్కలను మేసేయడంతో అడవి చిక్కిపోతోందని అర్థం వస్తుంది. అలా జరిగే చోట్లూ ఉన్నాయి. దక్షిణ అమెరికాలో జరిగేది ‘మేత కోసం’. పశువులు వచ్చేసరికి అక్కడ అడవి ఉండదు. కోకో కోసం, సోయా కోసం, బంగారం కోసం అని రాయించండి, ఎవరి అవసరమో పిల్లలే అడగడం మొదలుపెడతారు. కాంగో నదీ పరీవాహక ప్రాంతంలో చిన్న రైతు తిండిగింజల కోసం కొట్టుకునే చిన్న అడవి ముక్కనూ, వేల హెక్టార్ల సోయా కమతాన్నీ ‘వ్యవసాయం వల్ల’ అనే ఒకే మూటలో కట్టడం నాకు న్యాయంగా తోచదు.

మీ పిల్లల వాక్యాన్ని నేనైతే ఇలా దిద్దుతాను: “ప్రపంచంలో అటవీ నిర్మూలనకు ప్రధాన కారణం వ్యవసాయ విస్తరణ; పంటల కోసం, పశువుల మేత కోసం అడవులను తొలగించి ఆ నేలను శాశ్వతంగా మార్చేస్తున్నారు.” పై తరగతివారైతే ఎఫ్‌ఏఓ 2020 నివేదికలోని అంకె కూడా చేర్చమనండి: 1990 నుంచి అలా పోయిన అడవి 42 కోట్ల హెక్టార్లు. ఆ వాక్యంలో ‘పోయిన’ బదులు ‘తీసేసిన’ అని ఎవరైనా రాస్తే దిద్దకండి.